549 రూపాయల ఎస్‌ఎంపీఎస్ టెస్టర్: బోర్డు పోయిందన్నారు, పోలేదు

తెనాలిలో నాది చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేస్తాం. నా సీపీయూ ఇంకా విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తోందంటే మా అబ్బాయి ఫ్రెండ్స్ నవ్వుతారు. నవ్వనీయండి. కార్డులు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అను ఫాంట్లు దాంట్లో పేచీ పెట్టకుండా పనిచేస్తాయి. పదిహేనేళ్ల కార్డుల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

శ్రావణ మాసం మొదటి వారం, మాకు ఊపిరాడని రోజులు. పొద్దున్నే బటన్ నొక్కితే ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే అదీ లేదు. మానిటర్ మీద నో సిగ్నల్. ఎదురుగా కుర్చీలో పెళ్లికూతురి నాన్నగారు, చేతిలో దిద్దిన ప్రూఫు. నా టెన్షన్ మీరే ఊహించుకోండి.

ఫోన్ చేస్తే ఒక టెక్నీషియన్ వచ్చాడు. మూత తీసి చూశాడు. “మదర్‌బోర్డు మీద ఆకుపచ్చ లైటు వెలుగుతోంది కదా మేడమ్, పవర్ వస్తున్నట్టే. బోర్డే పోయింది” అన్నాడు. ఈ మోడల్ బోర్డు ఇప్పుడు దొరకదట. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మొత్తం మార్చాలట, 14 వేలు. పైగా కొత్త బోర్డు మీద ఎక్స్‌పీ ఎక్కదు. అంటే నా షాపు మొత్తం కొత్తగా మొదలెట్టాలి! చూసినందుకు 300 తీసుకుని వెళ్లాడు.

ఆ రాత్రి మా అబ్బాయి చెప్పాడు, ఆ లైటుని నమ్మకూడదని. గోడ స్విచ్ వేయగానే ఎస్‌ఎంపీఎస్ (సీపీయూలో అన్నిటికీ కరెంటు పంచే డబ్బా) నుంచి ఊదారంగు వైరులో 5 వోల్టులు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. సిస్టమ్ ఆపేసినా వస్తాయి. బోర్డు మీద లైటు వెలగడానికి అది చాలు. సిస్టమ్ లేవాలంటే పసుపు వైరులో 12, ఎర్రదానిలో 5, నారింజదానిలో 3.3 రావాలి. అవి సరిగ్గా ఉన్నాయని బూడిదరంగు వైరు బోర్డుకి కబురు పంపాలి. ఆ కబురు రాకపోతే బోర్డు బాగున్నా లేవదు.

ముందు పేపర్ క్లిప్పుతో చూశాం. పెద్ద ప్లగ్గు బోర్డు నుంచి పీకేసి, ఆకుపచ్చ వైరుకీ పక్కనున్న నల్లదానికీ క్లిప్పు తగిలిస్తే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరిగింది. “చూశావా, ఇది బాగానే ఉంది, అతను చెప్పిందే నిజం” అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఫ్యాను తిరిగిందంటే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అయిందని మాత్రమే. వోల్టులు ఎన్ని వస్తున్నాయో క్లిప్పు చెప్పదు కదా. అందుకే ఈ టెస్టర్ ఆర్డర్ పెట్టాం. రెండ్రోజుల్లో వచ్చింది.

అరచేతిలో పట్టే డబ్బా, మధ్యలో చిన్న తెర. 24 పిన్నుల ప్లగ్గు ఒక పక్క, ప్రాసెసర్‌కి వెళ్లే నాలుగు పిన్నుల ప్లగ్గు ఇంకో పక్క గుచ్చాలి. స్విచ్ వేయగానే అదే ఆన్ అవుతుంది, ఇంకేం నొక్కక్కర్లేదు. 5 దగ్గర 5.0, 3.3 దగ్గర 3.3 చూపించింది. 12 దగ్గర మాత్రం 10.6! ఒకటే బీప్. 12 వోల్టుల లైనుకి అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 కంటే తగ్గకూడదు. బూడిదరంగు వైరు కబురు తాలూకు అంకె ‘పీజీ’ (పవర్ గుడ్) అని ఉంటుంది, ఆ కబురు రావడానికి పట్టే టైము, మిల్లీసెకన్లలో. 100 నుంచి 500 మధ్య ఉండాల్సింది, నాకు సున్నా దగ్గర మిణుకుమిణుకుమంటోంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్ 1,450 పడింది. బిగించే ముందు దాన్నీ టెస్టర్‌కి తగిలించాం: 12.1, పీజీ 280. బిగించాక ఫ్యాన్లన్నీ తిరిగాయి గానీ తెర నల్లగానే ఉంది. గుండె జారింది. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే వచ్చింది. తారీఖు 2009కి వెళ్లిపోయి ఎఫ్1 నొక్కమంది, అది బోర్డు మీద బిళ్ల బ్యాటరీ పని. సీఆర్2032 అని అడిగితే 40 రూపాయలకి ఇచ్చారు. మధ్యాహ్నానికల్లా కార్డు ప్రింటుకి వెళ్లింది.

ఇక దీంట్లో లోపాలు. ఇది లోడు పెట్టదు. అంటే ఎస్‌ఎంపీఎస్ మీద బరువు పడకుండానే వోల్టులు కొలుస్తుంది. పోయిన నెల పక్క జెరాక్స్ షాపు అన్నయ్యగారి సిస్టమ్ ఇలాగే లేవలేదు. టెస్టర్‌లో అన్నీ సరిగ్గా చూపించింది. తీరా నా ఎస్‌ఎంపీఎస్ తీసుకెళ్లి తగిలిస్తే వెంటనే లేచింది! ఖాళీగా ఉన్నప్పుడు బాగుండి, పని మొదలెట్టగానే కూలబడే రకం అన్నమాట. కాబట్టి ఈ డబ్బా ‘పోయింది’ అంటే నమ్మండి. ‘బాగుంది’ అంటే మాత్రం సగమే నమ్మండి.

హార్డ్‌డిస్క్‌కి వెళ్లే సాటా ప్లగ్గు, గ్రాఫిక్స్ కార్డు ప్లగ్గు విడివిడిగా ఒక్కొక్కటే పెట్టి చూడాలి. ఆ సంగతి కాగితం మీద చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. 24 పిన్నుల ప్లగ్గు తిరిగి పీకడానికి బొటనవేలు నొప్పెట్టేంత బలం కావాలి. బీప్ ఆపే దారి లేదు. ఇంకోమాట, టెస్టర్ ఉంది కదా అని ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, వైరు పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది, కొడుతుంది.

ఇంట్లో ఒక్క సిస్టమ్ ఉన్నవాళ్లకి ఇది అక్కర్లేదు, తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ అడిగి తగిలించి చూస్తే సరిపోతుంది. నాలాగా పాత మిషన్ మీద బతికేవాళ్లు, నెట్ సెంటర్లు, ట్యూటోరియల్స్ వాళ్లు కొనుక్కోవచ్చు. అయిదుకి నాలుగు ఇస్తున్నాను. నాది ఇప్పుడు క్యాష్ సొరుగులో రబ్బరు బ్యాండు చుట్టుకుని ఉంటోంది. వీధిలో వాళ్లు అడిగితే ఇస్తున్నాను గానీ, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలని ముందే చెబుతున్నాను.