ఆ "100% శుద్ధ తెల్ల కర్పూరం ఎసెన్షియల్ ఆయిల్" కొనకండి, కొన్నవాళ్లు పిల్లలకి అందకుండా పెట్టండి

రీల్స్‌లో రోజూ కనిపించే ఆ సీసా గురించే. అమ్మేదెవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. 15 మి.లీ., 349 రూపాయలు. జలుబుకి, కీళ్లనొప్పులకి, నిద్రకి, అన్నిటికీ అదే మందట! 349కి నాలుగు రోగాలు పోతాయంటే ఎగబడి కొంటాం మనం, అంత తెలివి. పార్సిల్ విప్పి మూత తీస్తే హారతి బిళ్ల వాసన గుప్పుమంది. తేడా అక్కడే తెలిసిపోయింది.

ఎందుకంటే తెల్ల కర్పూర నూనెకి ఆ వాసన రాకూడదు. సిన్నమోమమ్ క్యాంఫోరా చెట్టు చెక్కని ఆవిరితో మరిగించి నూనె తీసి, ఆ నూనెలోంచి కర్పూరాన్ని గడ్డగా వేరు చేస్తారు. మిగిలినదాన్ని మళ్లీ మరిగించి విడగొడితే తక్కువ వేడికే వచ్చేసేది తెల్ల నూనె. అందులో సినియోల్, పైనీన్, లిమోనీన్ అనే వాసన పదార్థాలు ఎక్కువ, కర్పూరం కొద్దిగా. వాసన నీలగిరి తైలానికి దగ్గరగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చే గోధుమ, పసుపు రకాల్లో సాఫ్రోల్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం కావచ్చని వాటిని అరోమాథెరపీలో ముట్టుకోరు. లేబుల్ మీద "తెల్ల" అని రాసి లోపల హారతి వాసన వస్తోందంటే, బజారు బిళ్లల్ని ఏదో నూనెలో కరిగించారనే అనుమానించాలి. ఆ బిళ్లలు చాలావరకు టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యేవే.

ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి మర్నాడు చూస్తే జిడ్డు మచ్చ అలాగే ఉంది. అసలైన తెల్ల నూనె ఎగిరిపోవాలి, మచ్చ మిగలకూడదు. ఫ్రిజ్‌లో పెడితే అడుగున తెల్లటి పలుకులు చేరాయి, అంటే కర్పూరం దండిగా కరిగించి ఉంది. ఘాటు ఆల్కహాల్‌లో వేసి కదిపితే కలవలేదు, తెల్లగా విరిగి విడిపోయింది. లిక్విడ్ పారాఫిన్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) అలాగే చేస్తుంది. అయితే ఇవన్నీ మొరటు మోసాన్నే పడతాయి. టర్పెంటైన్ కలిపితే కాగితం మీద మచ్చ ఉండదు, అది జీసీ-ఎంఎస్ పరీక్షలోనే (నూనెలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చెప్పే ల్యాబ్ పరీక్ష) బయటపడుతుంది.

అందుకే అమ్మినవాళ్లని చాట్‌లో ఆ బ్యాచ్ జీసీ-ఎంఎస్ రిపోర్టు అడిగాను. జవాబు: "కర్పూరం కర్పూరమే కదా మేడమ్, రిపోర్టులు ఎందుకు?" సరే, ఇలాంటి మాట కొత్తేం కాదు. ప్రకటనలో పసిపాప బొమ్మ వేశారు కదా, పిల్లలకి ఎలా వాడాలని రాశారు అని అడిగితే వచ్చింది అసలు ముత్యం: "రెండు చుక్కలు గోరువెచ్చటి పాలల్లో వేసి పట్టండి, కఫం మొత్తం దిగిపోతుంది."

పాలల్లో! పసిపిల్లకి! ఎంత కర్పూరం కరిగించారో తనకే తెలియని సీసాలోంచి! అది ప్రమాదం, ఆ మాట వెనక్కి తీసుకోండి అని రాస్తే, "మా అమ్మమ్మ కాలం నుంచీ వాడుతున్నాం, మీకు నచ్చకపోతే కొనకండి" అని బ్లాక్ చేశారు. డబ్బు పోతే పోయింది. ఆ సలహా ఇంకెంతమందికి ఇచ్చారో అని ఒళ్లు మండిపోతోంది.

తెలియనివాళ్ల కోసం: 20 శాతం కర్పూరం కలిపిన నూనె ఒక టీస్పూను, అంటే 5 మి.లీ.లో, ఒక గ్రాము కర్పూరం ఉంటుంది. ఆ మాత్రానికే పసిపిల్లలు చనిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. మింగిన కొన్ని నిమిషాల్లోనే, ముందు ఏ సూచనా లేకుండా ఫిట్స్ రావచ్చు. ఇలాంటి నూనెని అమెరికాలో 1980ల మొదట్లోనే అమ్మకుండా ఆపేశారు, పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదన్నారు. పొరపాటున పిల్లలు తాగితే కక్కించకండి, మధ్యలో ఫిట్స్ వస్తే కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, సీసా వెంట తీసుకెళ్లండి.

అసలు నూనె దొరికినా అది చేసేది పరిమితమే. పెద్దవాళ్లకి కండరాల నొప్పి మీద రాస్తే చర్మం కాస్త వేడెక్కి, చల్లబడి నొప్పి నుంచి ధ్యాస మళ్లుతుంది. 30 మి.లీ. నువ్వుల నూనెలో 6 చుక్కలు కలిపితే సుమారు ఒక శాతం, 12 కలిపితే రెండు. మొదటిసారి 6 చాలు, మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగి చూడండి. పగిలిన చర్మం మీదా, ముఖం మీదా వద్దు. ముక్కు దిబ్బడకి పీలిస్తే గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, లోపలి వాపు మాత్రం తగ్గదు. డిఫ్యూజర్‌లో (గదిలో వాసన వెదజల్లే పరికరం) 100 మి.లీ. నీళ్లకి 3 చుక్కలు, అరగంట, కిటికీ తీసి. మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికే వెళ్లకండి. పిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద అసలు వద్దు. అసలు నూనె అయినా పాతబడితే పారేయండి, గాలి తగిలి పాడైన లిమోనీన్, పైనీన్‌తో దద్దుర్లు వస్తాయి.

కొనేటప్పుడు చెట్టు శాస్త్రీయ నామం, ఏ భాగం, ఏ దేశం, బ్యాచ్ నంబర్ చూడండి. పేరొక్కటీ చాలదు. ఇదే చెట్టు ఆకుల నుంచి మడగాస్కర్‌లో తీసే రావింత్సారా సినియోల్ నూనె, హో లీఫ్ పేరుతో వచ్చేదైతే లినలూల్ అనే వేరే వాసన పదార్థం ఎక్కువున్న నూనె, రెండింటి గుణం వేరు. ముదురు రంగు గాజు సీసా, చుక్కలుగా పడే లోపలి మూత ఉండాలి. రబ్బరు డ్రాపర్ అయితే నూనె దాన్ని తినేస్తుంది.

ఇప్పటికే ఆ రీల్స్ నూనె కొన్నవాళ్లు ఆ సీసా పారేయకండి, లేబుల్, బిల్లు, చాట్ ఫోటోలు తీసి పెట్టుకోండి. ముందు ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.