జమ లేని ఖాతా: ఫోనులో స్లాట్ ఆటతో రెండేళ్ల మూడు నెలలు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. రోజూ పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం బండి ఆగినప్పుడల్లా జేబులోంచి ఫోను తీసే అలవాటు నాకు ఈ ఆట వల్ల వచ్చిందో, ఆ సిగ్నల్ వల్ల ఈ ఆట అలవాటైందో చెప్పలేను. ఇన్‌స్టాల్ చేసిన మర్నాడే అయిదు నక్షత్రాలు ఇచ్చేసి వెళ్లేవారి మాటలు నమ్మి చాలా యాప్‌లు దించుకున్నవాణ్ణి కనుక, రెండేళ్ల మూడు నెలలు వాడాకే దీని గురించి రాస్తున్నాను.

నేను ఆడేది ఉచిత కాయిన్ల స్లాట్ ఆట. కాసినోలో ఉండే యంత్రంలాగే అయిదు చక్రాలు తిరుగుతాయి, గుర్తులు ఒక గీతలోకి వస్తే కాయిన్లు పడతాయి. ఆ కాయిన్లతో టీ కూడా రాదు. ప్రస్తుతం నా దగ్గర నాలుగు కోట్ల పన్నెండు లక్షల కాయిన్లు ఉన్నాయి, ఆస్తిపరుణ్ణే!

బొమ్మలు బాగుంటాయి, శబ్దాలు ఇంకా బాగుంటాయి. ప్రకటనలు మాత్రం విసిగిస్తాయి. దించినప్పుడు చిన్నదిగా ఉన్న యాప్ ఇప్పుడు ఫోనులో ఒక జీబీకి పైగా మింగింది. అరగంట ఆడితే ఫోను వెనకవైపు వేడెక్కుతుంది. వీటికి ఒక నక్షత్రం కోస్తాను.

రెండో నక్షత్రం ఎందుకు కోశానో కొంచెం వివరంగా చెప్పాలి. లెక్కలు రాసేవాడి బుద్ధి కదా, ఒక వారం పాటు ప్రతి స్పిన్నూ చిట్టాలో రాశాను. ఒకసారి 500 కాయిన్లు కాస్తే ఒక గీతలో 120 పడ్డాయి. తెర నిండా బంగారు వాన, డోలు మోత, మధ్యలో పెద్ద అక్షరాలతో అభినందన. చిట్టాలో చూస్తే ఖర్చు 500, జమ 120. అంటే 380 పోగొట్టుకున్నందుకు నాకు మేళతాళాలు! ఆ వారంలో బంగారు వాన కురిసిన స్పిన్నుల్లో దాదాపు సగం ఇలాంటివే. బ్రిటన్‌లో జూద నియంత్రణ సంస్థ 2021 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ స్లాట్లలో ఇలా ఓటమిని గెలుపులా ఊరేగించడాన్ని నిషేధించింది. వాటంతటవే తిరిగే ఆటో స్పిన్నులనూ ఆపించింది, ఒక్కో స్పిన్నుకు కనీసం రెండున్నర సెకన్లు పట్టాలని కట్టడి చేసింది. నా ఆటలో ఆ కట్టుబాట్లేవీ లేవు.

ఇంకొకటి. మూడు ఏడు అంకెలు పడాల్సిన చోట రెండు పడి, మూడోది గీతకు వెంట్రుకవాసి పైన ఆగుతుంది. అయ్యో, కొద్దిలో పోయిందే అనిపిస్తుంది. చక్రాన్ని సరైన సమయంలో వేలితో తట్టి ఆపితే నా చేతి మహిమతో పడుతుందని కొన్నాళ్లు గట్టిగా నమ్మాను కూడా. మనం బటన్ నొక్కిన క్షణంలోనే లోపల ఒక యాదృచ్ఛిక సంఖ్య ఫలితాన్ని తేల్చేస్తుంది. తర్వాత తిరిగే చక్రాలు ఉత్త వేడుక. చక్రం మీద కంటికి కనిపించే గుర్తుల సంఖ్యతో పని లేకుండా, గెలిచే అవకాశాన్ని లోపలి సంఖ్యలతోనే ఎంత కావాలంటే అంత తగ్గించుకునే పద్ధతికి ఇంగే టెల్నెస్ అనే ఆయన 1984లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. అది తెలిశాక వేలితో తట్టడం మానేశాను. అయ్యో అనడం మాత్రం మానలేకపోయాను.

అసలు కాసినో స్లాట్లలో పందెం కాసిన సొమ్ములో ఇంత శాతం తిరిగి వస్తుందని ఒక లెక్క ఉంటుంది. 96 శాతం అనుకుందాం. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ స్పిన్నుకు వంద చొప్పున, నిమిషానికి ఇరవై స్పిన్నులు తిప్పితే సగటున నిమిషానికి ఎనభై పోతాయి, గంటకు నాలుగు వేల ఎనిమిది వందలు. మా షావుకారు నూటికి నాలుగంటే మొహం చిట్లించే రైతు కూడా ఈ వేగం చూస్తే దణ్ణం పెడతాడు.

వేసవిలో యార్డుకు సెలవులు ఇచ్చినప్పుడు నా ఆట ముదిరింది. పని లేదు, రైలు లేదు, మధ్యాహ్నం బెజవాడ ఎండకు బయట అడుగు పెట్టలేం. కాయిన్లు అయిపోయిన మరుక్షణం తెర మీద ఒక తగ్గింపు ధర, దాని పక్కన పరుగెత్తే గడియారం: ఇంకా 14 నిమిషాలే. కొన్నాను. 89 రూపాయలు, మళ్లీ 89, ఒకసారి 449, చివరికి 899. మొత్తం 1,526. మర్నాడు అదే తగ్గింపు, అదే గడియారం, మళ్లీ అవే 14 నిమిషాలు. ఆవర్జా తిరగేస్తే ఈ ఖాతాలో ఖర్చు వైపే అంకెలున్నాయి. జమ వైపు పేజీ తెల్లగా ఉంది. ఉచిత ఆటలో జమ రాదని ముందే తెలుసు, అయినా కాగితం మీద చూస్తే సిగ్గేసింది. ఆ రోజే ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టి, చెల్లింపు పద్ధతుల్లోంచి నా కార్డును తీసేశాను. ఆ తర్వాత రూపాయి పోలేదు.

ఇన్‌స్టాల్ చేయడంలో జాగ్రత్త గురించి చెప్పాలంటే మా బావమరిది సంగతి చెప్పక తప్పదు. వాడికి నా ఆట చప్పగా తోచింది. టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన లింకు పట్టుకుని, నిజమైన డబ్బుతో ఆడే స్లాట్ ఒకటి ఏపీకే ఫైలుగా, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా, దించాడు. ఫోను అడ్డు చెప్పింది: తెలియని చోటి నుంచి వచ్చిన యాప్ అంది. అనుమతించాడు. హానికర యాప్‌లను పట్టే గూగుల్ కాపలా, ప్లే ప్రొటెక్ట్, హెచ్చరించింది. దాన్ని ఆపేయమని యాప్ వాళ్లే బొమ్మలతో సహా నేర్పారు, ఆపేశాడు. తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, తెర మీద ఉన్నది చూసి మన బదులు నొక్కగలిగే యాక్సెసిబిలిటీ అనుమతి. చక్రాలు తిప్పే ఆటకు నా సందేశాలతో పని ఏమిటని వాడు ఒక్కసారీ అనుకోలేదు. 500 కట్టాడు, రెండు రోజుల్లో ఖాతాలో 6,200 కనిపించాయి. అప్పుడు నాకు ఫోను చేశాడు.

"బావా, గెలిచిన డబ్బు తీసుకోవాలంటే ముందు 1,860 పన్ను కట్టమంటున్నారు."

"వచ్చే దాంట్లోంచే పట్టుకోమను."

"అలా కుదరదట."

యార్డులో రైతుకు సరుకు అమ్మకం లెక్క రాసి ఇచ్చే తక్‌పట్టీలో హమాలీ, కాటా కూలి వచ్చే సొమ్ములోంచే మినహాయిస్తాం. ముందు హమాలీ చెల్లించి ఆ తర్వాత నీ సొమ్ము పట్టుకెళ్లమని ఏ కొట్టూ అడగదు. ఆన్‌లైన్ ఆటల గెలుపుపై ముప్ఫై శాతం పన్ను నిజంగానే ఉంది, కానీ దాన్ని చెల్లించేవారే కోసుకుని మిగతాది ఇవ్వాలి. దొంగలు శాతం మాత్రం సరిగ్గానే పట్టుకున్నారు! నేను వద్దంటూ ఉండగానే కట్టేశాడు. ఆ రాత్రి బ్యాంకు ఖాతాలోంచి మూడు దఫాలుగా సొమ్ము వెళ్లిపోయింది. ఓటీపీలు వాడికంటే ముందు ఆ యాప్ చదివింది.

సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే నంబరు 1930కి ఫోను చేయమంటే వెనకాడాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే ఆన్‌లైన్ పందేలపై నిషేధం ఉంది, ఆడినవారికీ శిక్ష ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. తననే లోపల వేస్తారని వాడి భయం. ఎంత ఆలస్యమైతే సొమ్ము అన్ని చేతులు మారుతుందని మా చెల్లెలు ఫోను లాక్కుని తనే చేసింది. కొంత ఆగింది, ఎక్కువ భాగం పోయింది. నేను వాడి ఫోను తీసుకుని ముందు నెట్ ఆపి, యాక్సెసిబిలిటీ అనుమతి తీసేసి, యాప్ తొలగించాను. ఆ అనుమతి ఉన్నంతసేపూ తొలగించబోతే తెర వెనక్కి వెళ్లిపోయింది. ఆఖరికి ఫోనులో ఉన్నదంతా చెరిపి మొదటి నుంచి పెట్టుకున్నాం. పిల్లవాడి బారసాల ఫోటోలు అందులోనే పోయాయి. మా చెల్లెలు ఇప్పటికీ డబ్బు ఊసెత్తదు, ఆ ఫోటోల గురించే అంటుంది.

నా ఆటకు అయిదులో మూడు నక్షత్రాలు. మంగళగిరి దాటి నంబూరు వచ్చేలోపు కాలక్షేపానికి సరిపోతుంది, కొనుగోళ్లకు తాళం వేసి ఉంటే.

మొన్న దసరాకు బావమరిది వచ్చినప్పుడు, నీ ఆటే నయం బావా, అది పెట్టు అన్నాడు. ప్లే స్టోర్‌లోంచి దించి, కొనుగోళ్లు ఆపేసి చేతికిచ్చాను. పదకొండుసార్లు తిప్పాడు. పన్నెండోసారి బంగారు వాన కురిసింది, డోలు మోగింది.

"ఇందులో డబ్బు రాదు కదా," అని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.