చోంగ్‌చింగ్ రెండో లైను మోనోరైలు: యూజోంగ్‌ను చూపించే ఉత్తమ ప్రయాణం

యాంగ్‌జీ, జాలింగ్ నదుల సంగమం దగ్గర కొండల మీద ఇరుకుగా పెరిగిన యూజోంగ్ జిల్లా చైనాలోని చోంగ్‌చింగ్ మహానగరానికి నడిబొడ్డు. ఇక్కడ రెండు వీధుల మధ్య దూరం కన్నా ఎత్తే ఎక్కువ శ్రమ పెడుతుంది. నదీతీరం రోడ్డు మీద ఒకటో అంతస్తులో ప్రవేశించిన వ్యక్తి, హోంగ్యాదోంగ్ భవన సముదాయంలో పదకొండో అంతస్తు నుంచి మరో రోడ్డు మీదికి నేరుగా బయటపడతాడు. ఇటువంటి చోట కారులో తిరగడం డబ్బు దండగ. ఈ జిల్లా స్వరూపాన్ని కళ్లకు కట్టే సేవ రెండో లైను మోనోరైలు అని నా దృఢమైన అభిప్రాయం.

యూజోంగ్‌లోని స్మారకమైన విమోచన స్తంభానికి దగ్గరలోని జ్యావ్‌చాంగ్‌కౌలో భూగర్భంలో మొదలయ్యే ఈ రైలు, లిన్‌జ్యాంగ్‌మెన్ దాటాక కొండలోంచి బయటికి వచ్చి, జాలింగ్ ఒడ్డు వెంట ఎత్తైన స్తంభాల మీద సాగుతుంది. పశ్చిమంగా వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడితే నది, వంతెనలు, అవతలి ఒడ్డు మేడలు అన్నీ కనిపిస్తాయి. 2004లో సందర్శకులకు తెరిచి, 2005లో పూర్తిస్థాయిలో నడపడం మొదలుపెట్టిన ఈ లైను చైనాలో నగర రవాణా కోసం వేసిన మొట్టమొదటి మోనోరైలు మార్గం. ఒకే కాంక్రీటు దూలాన్ని కాళ్లతో పట్టుకున్నట్టు రబ్బరు చక్రాల మీద నడుస్తుంది కనుక, నిటారు వాలులనూ గట్టి మలుపులనూ తేలికగా దాటగలుగుతుంది, చప్పుడూ తక్కువే.

ఆ రబ్బరు చక్రాల విలువ లీజీబాలో తెలుస్తుంది. అక్కడ 19 అంతస్తుల భవనంలో ఆరు నుంచి ఎనిమిదో అంతస్తు వరకు స్టేషనే ఉంటుంది, పైన జనం కాపురాలుంటారు. భవనాన్నీ స్టేషన్నూ కలిపి రూపొందించినా, రైలు అదురు ఇళ్లకు తగలకుండా వాటి నిర్మాణాలను విడివిడిగా నిలిపారు. అయితే రైలులో కూర్చున్నవారికి ఈ వింత ఏమీ కనిపించదు. దిగి, కింది రోడ్డు పక్కనున్న వేదిక దగ్గరికి వెళ్లి చూడాలి. మే దినోత్సవం, అక్టోబరు జాతీయ సెలవుల్లో అక్కడ జనం కిక్కిరిసిపోతారు కనుక మామూలు రోజు ఉదయమే వెళ్లడం మేలు. తరువాతి స్టేషన్ ఫోతుగ్వాన్ వాలు మీద వసంతంలో పూచే చెట్ల మధ్య నుంచి రైలు వెళుతుంది. ఆ ఋతువులో వెళ్లేవారు దాన్ని వదులుకోకూడదు.

యాంగ్‌జీ మీది రోప్‌వేకు పేరు ఎక్కువ. 1987లో మొదలై, 1,166 మీటర్ల పొడవున నదిని దాటించే ఆ సేవ ఒకప్పుడు స్థానికుల నిత్యావసరం. ఇప్పుడు అది ప్రధానంగా సందర్శకులది. కొద్ది నిమిషాల ప్రయాణానికి చాలాసేపు వరుసలో నిలబడాలి. మోనోరైలులో మాత్రం కూరగాయల సంచులతో ఎక్కే పెద్దవాళ్లు, బడిపిల్లలు మీ పక్కనే ఉంటారు, టికెట్టు వెల రెండు యువాన్ల నుంచే మొదలవుతుంది. స్టేషన్లలో మెట్లు ఎక్కువ, ప్రతిసారీ సంచుల తనిఖీ ఉంటుంది. పేర్లు ఆంగ్లంలోనూ రాసి ఉంటాయి కానీ, సిబ్బందితో మాట్లాడవలసి వస్తే ఫోనులో అనువాద యాప్ సిద్ధంగా ఉంచుకోవాలి.