రాసేటప్పుడు జాగ్రత్త, ఆపేటప్పుడు మరపు: మా బీపీ డాక్టరు మందుల చీటీ

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లోని ఒక ఫిజీషియన్ దగ్గర మా అమ్మకు ఏళ్లుగా బీపీ, షుగర్ చూపిస్తున్నాం. పేరు రాయను. ఆయన మందులు రాసే తీరు గురించే ఈ సమీక్ష.

జలుబు, దగ్గు అని వెళితే అజిత్రోమైసిన్ రాయరు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని విసుక్కోకుండా చెప్పి, పారాసెటమాల్ ఇచ్చి పంపుతారు. నీరసం అనగానే సెలైన్ ఎక్కించరు. సూది వేయని డాక్టరుకు హస్తవాసి ఎక్కడిదని మా ఊరి పెద్దలు పెదవి విరుస్తారు, అది వేరే సంగతి. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి కీళ్ల నొప్పులు తీరేవి కావు. భగీరథ నీళ్లు వచ్చినంత మాత్రాన వంగిన ఎముకలు తిన్నగా కావు కదా. వాళ్లు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ సూది అడుగుతారు. బీపీ ఉంటే ఈయన ససేమిరా అంటారు. ఆ మందు బీపీని పెంచుతుంది, మూత్రపిండాలకూ చేటు. ఈ ఒక్క పట్టుదలకే ఆయనకు సగం మార్కులు వేస్తాను.

చిక్కంతా ఒకసారి చీటీలోకి ఎక్కిన మందు దిగకపోవడంలో ఉంది. అమ్మకు బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచాక చీలమండలు వాచాయి. సాయంత్రానికి చెప్పుల పట్టీ అచ్చు పడేది, వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచేది. దానికి నీళ్ల మాత్ర, ఫ్రూసెమైడ్, రాశారు. వాపు తగ్గలేదు. ఆ మాత్రతో పొటాషియం పడిపోతే సిరప్ వచ్చి చేరింది. ఆమ్లోడిపిన్ సన్నని రక్తనాళాలను వదులు చేయడంతో నీరు బయటికి ఊరి వచ్చే వాపు ఇది, నీళ్ల మాత్రకు పెద్దగా లొంగదు. “బీపీ మాత్ర పెంచినప్పటి నుంచే కదా సార్ ఈ వాపు?” అని అడిగాను. ఆయన ఫైలు వెనక్కి తిప్పి తారీఖులు చూశారు. మారుమాట లేకుండా మళ్లీ 5కు తగ్గించి, మరో బీపీ మందు టెల్మిసార్టాన్ 40 చేర్చి, నీళ్ల మాత్రనూ సిరప్‌నూ కొట్టేశారు. పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు కూడా రాశారు. వాపు దిగిపోయింది. అడిగితే నొచ్చుకోని డాక్టరు దొరకడం అదృష్టమే, కానీ అడగడం తెలియని ముసలమ్మ ఒంటరిగా వస్తే ఏమవుతుంది?

పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్‌దీ అదే కథ. ఎప్పుడో కొన్నాళ్లకని మొదలై ఏళ్లు సాగింది. అదీ, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా, దీర్ఘకాలంలో బీ12 విటమిన్‌ను తగ్గించగలవు. అది తగ్గితే కాళ్లు తిమ్మిరెక్కవచ్చు. అరికాళ్ల తిమ్మిర్ల గురించి అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, ఆ పరీక్ష నేను అడిగేదాకా రాయలేదు.

ఇక బ్రాండ్లు. కంపెనీ బ్రాండు కాకుండా జనరిక్ పేరుతో, అంటే మందు అసలు పేరుతో, చదవగలిగేలా రాయాలని వైద్య మండలి 2016లోనే నిబంధన సవరించింది. ఈయన చీటీ మాత్రం కింది మెడికల్ షాపు వాళ్లకే అర్థమవుతుంది, ఆ బ్రాండ్లు అక్కడే దొరుకుతాయి. నేను మాత్రల షీటు వెనక ఉన్న మందు పేరు, మోతాదు చూసుకుని జన ఔషధి దుకాణంలో కొంటున్నాను. తెచ్చి చూపించినప్పుడు కాంపౌండర్ మొహం ముడుచుకున్నాడు గానీ, డాక్టరు షీటు తిప్పి చూసి “మోతాదు సరిపోయింది, ఇదే వాడండి” అన్నారు.