ఇంటర్ బెజవాడలోనా, ఖమ్మంలోనా? మధిర వైపు వాళ్ళకి ఏది మేలు

పది పరీక్షలు అయిపోగానే మా వైపు ఇంటింటా ఇదే చర్చ. ఖమ్మం జిల్లా మధిరలో రైలెక్కితే గంటకి అటూఇటుగా ఏపీలోని బెజవాడ, పేరున్న కార్పొరేట్ కాలేజీలన్నీ అక్కడే, హైదరాబాద్ చూస్తే దూరం, దాంతో చాలామంది ఇంకేం చూడకుండా పిల్లల్ని అటు పంపేస్తారు. పోయినేడు మా మేనకోడలి కోసం కూర్చుని లెక్కలేస్తే తెలిసింది, కాలేజీ పేరు కంటే ముందు చూడాల్సింది లోకల్ సంగతి, అంటే పిల్లలు ఏ రాష్ట్రం కోటాలోకి వస్తారన్నది అని.

తెలంగాణలో ఇంజనీరింగ్ కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ వాళ్ళవే. 9, 10, ఇంటర్ రెండేళ్ళు వరసగా ఇక్కడే చదివితే లోకల్, అందులో డౌటే లేదు. ఇంటర్ బెజవాడలో చదివితే మాత్రం ఎంపీసీకి ఒక లెక్క, బైపీసీకి ఇంకో లెక్క.

ఎంపీసీ అయితే భయం లేదు. ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ళలో ఎక్కడ ఎక్కువ చదివితే అక్కడ లోకల్, అంటే పది దాకా మధిరలో ఐదేళ్ళు, బెజవాడలో రెండేళ్ళు, తెలంగాణ లోకలే. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. కానీ ఐఐటీ ఫౌండేషన్ అని 9వ తరగతిలోనే అటు పంపితే లెక్క తిరగబడుతుంది, ఇక్కడ మూడేళ్ళు, అక్కడ నాలుగు. పిల్లాడు ఏపీ లోకల్ అవుతాడు, మన ఇల్లూ రేషన్ కార్డూ ఆదాయం సర్టిఫికెట్టూ అన్నీ ఇక్కడివి, ఆ రాష్ట్రం ఫీజు స్కీము మీద ఆశ పెట్టుకోవడం నాకైతే సరికాదనిపిస్తుంది.

బైపీసీ అయితే ఖమ్మమే, ఇంకో మాట లేదు. ఎంబీబీఎస్‌కి 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం 9 నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళూ తెలంగాణలోనే చదవాలి, ఏడేళ్ళ లెక్క దీనికి పనికిరాదు. దీనిమీద కోర్టులకెళ్ళారు, చివరికి 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కూడా ఈ రూల్ కరెక్టే అంది. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిన ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల్లాంటి వాళ్ళకే మినహాయింపు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా రెండేళ్ళ ఇంటర్ కోసం లోకల్ సీటు పోగొట్టుకోవడం ఎంత బాధండీ.

ఇంక డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే, మేనేజ్‌మెంట్ సీటుకి రాదు. బీసీ, ఈబీసీలకి ఏడాది ఆదాయం ఊళ్ళలో లక్షన్నర, టౌన్లలో 2 లక్షలు దాటకూడదు, పైగా ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) 10 వేల లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, లేకపోతే మామూలుగా 35 వేలే. లక్ష ఫీజు ఉన్న కాలేజీ అయితే ఏడాదికి 65 వేలు, నాలుగేళ్ళకి 2 లక్షల 60 వేలు చేతి నుంచి పెట్టుకోవాలి. ఆ ఇచ్చేది కూడా టైముకి రాదు, బకాయిల కోసం 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి కదా. ర్యాంకు వస్తుందని గట్టి నమ్మకం ఉన్న పిల్లాడికైతే బెజవాడ హాస్టల్ ఖర్చుకి అర్థం ఉంది, లేదంటే ఆ డబ్బు బీటెక్‌కి దాస్తే నయం.

మా మేనకోడలు బైపీసీ, ఖమ్మంలోనే చేర్పించాం. వాళ్ళ నాన్నకి మొదట్లో ఇష్టం లేదు, జీవో చదివి వినిపించాక ఒప్పుకున్నాడు.