రోజంతా నడుమున మోయడానికి ఏ .32 తుపాకీ కొనాలి?

బెంగళూరు చిక్కపేటలో బంగారం వ్యాపారం చేసేవాళ్ళు, హొసకోటె, దేవనహళ్ళి వైపు భూముల లావాదేవీలు చూసేవాళ్ళు, ఆత్మరక్షణకని లైసెన్సు తెచ్చుకున్నాక అడిగే మొదటి ప్రశ్న "ఏది బాగా తేలిక?" అని. గన్ హౌస్‌లో కౌంటర్ మీద రెండు నిమిషాలు పట్టుకుంటే తేలికైనదే బాగుంటుంది. నడుముకు పెట్టుకుని సిల్క్ బోర్డు నుంచి హెబ్బాళ దాకా కారులో కూర్చుంటే అసలు సంగతి బయటపడుతుంది. పిడి చివర పక్కటెముక కింద గుచ్చుకుంటుంది, తూటాలుండే గుండ్రటి సిలిండర్ తుంటి ఎముకను నొక్కుతుంది. వారం తిరిగేసరికి లక్షకు పైగా పోసి కొన్న ఆయుధం బీరువాలోకి చేరుతుంది. పిల్లలున్న ఇంట్లో అది బీరువాలో ఉండటం మరో భయం. అందుకే ఇక్కడ ప్రతి మోడల్‌నూ ఒంటిమీద రోజంతా ఎలా ఉంటుందన్న లెక్కతోనే చూస్తున్నాం.

ముందుగా పరిధి. 9 ఎంఎం, .38 లాంటి సర్వీసు బోర్లు, అంటే సైన్యం, పోలీసులు వాడే తూటా కొలతలు, మామూలు పౌరులకు నిషిద్ధం. కాబట్టి అమెరికా వీడియోలు చూసి గ్లాక్ గురించి కలలు కనొద్దు. మనకు ఆచరణలో మిగిలేది .32, ఆ తర్వాత .22. ఇక్కడ కొత్తగా కొనేవాళ్ళు తరచూ తడబడే చోటు ఒకటుంది. .32 రివాల్వర్ తూటా, .32 పిస్టల్ తూటా ఒకటి కావు. రివాల్వర్‌లో పడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. పొడుగ్గా ఉంటుంది, అడుగు అంచు స్పష్టంగా బయటికి ఉంటుంది, చాలావరకు సీసపు బుల్లెట్. పిస్టల్‌కు కావాల్సింది .32 ఏసీపీ. పొట్టిగా ఉంటుంది, అంచు కొద్దిగానే బయటికి ఉంటుంది, రాగి తొడుగు బుల్లెట్. డబ్బా మీద ".32" అని చూసి తెచ్చుకోవడం కాదు, పక్కన రాసిన మాట కూడా చదవాలి.

నిర్భీక్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ అడిగేది దీన్నే. కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో మహిళల కోసమని తెచ్చిన రివాల్వర్ ఇది. టైటానియం మిశ్రమ లోహం, సుమారు 500 గ్రాముల బరువు, ఆరు తూటాలు. అప్పటి ధర 1,22,360 రూపాయలు. బెల్టు మీద ఉన్నట్టే తెలియదు, ఆ మాట నిజం. చేతి సంచిలో పెట్టుకున్నా భుజం లాగదు. పేల్చినప్పుడు మాత్రం ఆ తేలికదనానికి మూల్యం చెల్లించాలి. అదే తూటా, అదే మందు. ఆయుధం బరువు 700 నుంచి 500 గ్రాములకు తగ్గితే వెనక్కి తన్నే వేగం, శక్తి రెండూ దాదాపు 1.4 రెట్లవుతాయి. .32 సౌమ్యమైన తూటాయే, చెయ్యి విరిగిపోదు. కానీ ఆరు తూటాల తర్వాత బొటనవేలి మొదట్లో చురుక్కుమంటుంది. చురుక్కుమనేదాన్ని కాల్పుల సాధన చేసే రేంజ్‌కు తీసుకెళ్ళడం మానేస్తారు, సాధన మానేసిన చెయ్యి అవసరం పడ్డనాడు తడబడుతుంది. చిన్న అరచేతి స్త్రీలకు ఇది సరైనదని షాపులో చెప్పే మాటను మేము ఒప్పుకోం. చిన్న అరచేతికి కావాల్సింది ట్రిగ్గర్ అందుబాటులో ఉండటం, ట్రిగ్గర్ బిగువు తక్కువగా ఉండటం. బరువు మూడో విషయం.

అందుకే మా ఓటు ప్రబల్ రివాల్వర్‌కు. అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా, అంటే 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టినప్పుడు కాన్పూర్‌లో ఏర్పడ్డ సంస్థ, 2023 ఆగస్టులో దీన్ని విడుదల చేసింది. బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు సుమారు 178 మిల్లీమీటర్లు, బరువు 700 గ్రాముల దరిదాపు. 50 మీటర్ల దూరం కొట్టగలదని ప్రచారం చేశారు. ఆత్మరక్షణలో ఆ అంకెకు పనిలేదు, మూడు నుంచి ఏడు మీటర్ల లోపల చెయ్యి వణక్కుండా ఉంటే చాలు. దీని అసలు గొప్ప సిలిండర్ పక్కకు తెరుచుకోవడం. పాత .32 రివాల్వర్లను పైన ఉన్న గొళ్ళెం నొక్కి మధ్యకు విరిచినట్టు తెరవాలి. ఆ కీలు, ఆ గొళ్ళెం ఏళ్ళ తరబడి వాడితే వదులవుతాయి. పక్కకు తెరుచుకునే దానిలో ఫ్రేము ఒకే ముక్క, వదులయ్యే చోట్లు తక్కువ. ట్రిగ్గర్ కూడా పాతవాటికంటే తేలికని తయారీదారు మాట. మాట నమ్మనక్కర్లేదు, ఖాళీ ఆయుధాన్ని పట్టుకుని పదిసార్లు వరసగా నొక్కి చూడండి. ఎనిమిదో సారికి చూపుడువేలు వణుకుతుంటే అది మీ ఆయుధం కాదు.

పాత ఐఓఎఫ్ (ఇండియన్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ) .32 రివాల్వర్లు సెకండ్‌హ్యాండ్‌లో బోలెడు. బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల వంశంలోవి, గట్టివి. ట్రిగ్గర్ బిగువు ఎక్కువ, అదే వాటి లోపం.

పిస్టల్‌కు వస్తే అశని. నడుముకు పెట్టుకోవడానికి ఆకారంలో దీనికి సాటి లేదు. సిలిండర్ లేదు గనక పలుచన, చొక్కా కింద ఉబ్బు కనబడదు, కూర్చున్నప్పుడు ఎముకకు తగలదు. సౌకర్యం ఒక్కటే కొలత అయితే ఇదే గెలవాలి. గెలవకపోవడానికి కారణం యంత్రంలోనే ఉంది. ఇది బ్లోబ్యాక్ పిస్టల్. పేలినప్పుడు స్లైడ్‌ను, అంటే వెనక్కీ ముందుకీ జరిగే పైభాగాన్ని, పట్టి ఉంచే తాళం ఏదీ ఉండదు, స్లైడ్ బరువు, స్ప్రింగు బిగువే దాన్ని ఆపాలి. అందుకని స్ప్రింగు గట్టిది, స్లైడ్ వెనక్కి లాగడానికి చేతుల్లో బలం కావాలి. అరచేయి చెమట పట్టినప్పుడు జారుతుంది. యాభై దాటినవాళ్ళు, కీళ్ళనొప్పులున్నవాళ్ళు దీన్ని షాపులోనే పదిసార్లు లాగి చూసుకోవాలి.

రెండో చిక్కు తూటా అంచుది. .32 ఏసీపీ అంచు కొద్దిగా బయటికి ఉంటుందన్నాం కదా. తూటాలు నింపే పెట్టె, అంటే మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారితే రెండూ కొక్కెం వేసుకున్నట్టు బిగుసుకుంటాయి, స్లైడ్ ముందుకొచ్చినా తూటా పైకి రాదు. నింపేటప్పుడు ప్రతి తూటా అంచు దాని కింది దాని అంచుకు ముందుండేలా చూసుకుని, నిండాక మ్యాగజైన్ వీపును అరచేతిమీద ఒక్కసారి తట్టండి. మ్యాగజైన్ పై పెదవులు వంగినా ఇదే తిప్పలు. కింద పడేసుకున్న మ్యాగజైన్‌ను రేంజ్‌లో పరీక్షించకుండా మళ్ళీ నడుముకు పెట్టొద్దు.

పిస్టల్ ఖాళీ చేసే వరస తప్పితే ప్రాణాలు పోతాయి, అందుకే విడిగా చెబుతున్నాం. పిస్టల్ నోరు సురక్షితమైన దిక్కుకు, వేలు ట్రిగ్గర్‌కు బయట. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి, తూటా పేలే గదిలోకి, అంటే ఛాంబర్‌లోకి, కంటితో చూడాలి, వేలుపెట్టి తడమాలి. తొందరలో ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, లాగినప్పుడు ఇంకో తూటా ఛాంబర్‌లో ఎక్కి కూర్చుంటుంది. చేతిలో మ్యాగజైన్ ఉంది కదా, ఖాళీ అయిందనుకుంటారు. ఇంట్లో జరిగే ప్రమాదాలకు ఇదే దారి. రోజూ ఈ వరస పాటించే ఓపిక లేనివాళ్ళకు రివాల్వరే మేలు: సిలిండర్ తెరిస్తే ఆరు గదులూ ఎదురుగా కనబడతాయి.

ఇక .22లో ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాళ్ళ నిడర్ రివాల్వర్. 250 గ్రాములు, సుమారు 35 వేల ధరతో వచ్చింది. వీటిలో ఇంతకంటే తేలికైనది లేదు. అయితే .22 తూటాలో పేలుడు మందు అంచు లోపల పూసి ఉంటుంది, అంచంతా సమంగా పరుచుకోకపోతే దెబ్బ తగిలినా పేలదు. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే సాధన కూడా దీనితో కుదరదు, తూటాను కొట్టే పిన్ను నేరుగా ఛాంబర్ అంచును కొట్టి గుంట చేస్తుంది. డమ్మీ తూటాలు పెట్టుకోవాల్సిందే. చేతుల్లో బొత్తిగా బలం లేనివాళ్ళకు తప్ప మేము సూచించం.

షాపులో చూడాల్సినవి చూడకుండా డబ్బు కట్టొద్దు. రివాల్వర్ ఖాళీగా ఉందని తేల్చుకున్నాక, ట్రిగ్గర్‌ను చాలా నెమ్మదిగా లాగండి. హ్యామర్, అంటే వెనక ఉన్న సుత్తి, పడకముందే సిలిండర్ టక్కున తాళం పడాలి. హ్యామర్ పడ్డాక కూడా ట్రిగ్గర్ వదలకుండా రెండో చేత్తో సిలిండర్‌ను కదపండి, వెంట్రుకవాసికి మించి ఊగకూడదు. ఇలా ఆరు గదులకూ ఆరుసార్లు చేయాలి, ఒక గదికి సరిపోయింది మరోదానికి సరిపోకపోవచ్చు. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. సందు కొలిచే పలుచటి రేకు, అంటే ఫీలర్ గేజ్‌తో 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉంటే మామూలు. ఎక్కువైతే సీసపు తునకలు పక్కలకు చిమ్ముతాయి, మరీ తక్కువైతే నాలుగు సిలిండర్ల తూటాలు పేల్చేసరికి మసి పట్టి తిరగదు. చివరగా ఫ్రేము మీది నంబరును బిల్లులో రాసినదానితో అంకె అంకె పోల్చుకోండి.

ఇక హోల్‌స్టర్, అంటే ఆయుధం పెట్టుకునే ఒర. ఆయుధానికి లక్ష పెట్టి, హోల్‌స్టర్‌కు మూడు వందల మెత్తటి గుడ్డ సంచీ కొనేవాళ్ళను చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే సౌకర్యంలో సగానికిపైగా ఇక్కడే తేలుతుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు పూర్తిగా మూసుకుపోవాలి, ఆయుధం తీశాక హోల్‌స్టర్ నోరు ముడుచుకుపోకూడదు. మెత్తటిది ముడుచుకుంటుంది, తిరిగి పెట్టేటప్పుడు మడత ట్రిగ్గర్‌లో పడుతుంది. మందపాటి తోలు గానీ, కైడెక్స్ ప్లాస్టిక్ గానీ తీసుకోండి. బెల్టు 38 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు పొరలు కుట్టింది ఉండాలి. ఆఫీసు బెల్టు మెలిక తిరిగి పిడి బయటికి వాలుతుంది. చొక్కా కింద బయటపెట్టేది బ్యారెల్ కాదు, పిడి. హోల్‌స్టర్‌ను తుంటి ఎముక వెనక, అంటే గడియారంలో నాలుగు గంటల చోట, 15 డిగ్రీలు ముందుకు వంచి పెడితే పిడి పక్కటెముకలకు సమాంతరంగా వస్తుంది. ప్యాంటు లోపల పెట్టుకునేవాళ్ళు నడుము కొలత 2 అంగుళాలు ఎక్కువ కుట్టించుకోవాలి.

కారులో కుడివైపు సీటు బెల్టు దారిలోనే హోల్‌స్టర్ ఉంటుంది. మొదట సీటు బెల్టు పెట్టుకుని, ఆ తర్వాత చొక్కా అంచును సీటు బెల్టు మీదికి లాగి వదలండి, లేకుంటే పిడి సీటు బెల్టు కింద ఇరుక్కుంటుంది. బైకు మీద ముందుకు వంగితే వెనక చొక్కా లేస్తుంది, గాలి దాన్ని ఇంకా ఎగరేస్తుంది. పొడుగాటి కుర్తా, లేదా టక్ చేయని ముదురు రంగు గళ్ళ చొక్కా నయం. చీర కట్టుకునేవాళ్ళకు సంచే దారి. అయితే అందులో ఆయుధానికి విడి అర ఉండాలి, ఆ అరలో గట్టి హోల్‌స్టర్ ఉండాలి, తాళాలగుత్తి గానీ పెన్ను గానీ అటు పోకూడదు. సంచి కుర్చీకి తగిలించి వెళ్ళే అలవాటున్నవాళ్ళు సంచిలో పెట్టుకోనే వద్దు.

చెమట గురించి ఒక్కమాట. బెంగళూరు చలవ ఊరే గానీ ఒంటికి ఆనుకున్న ఇనుముకు ఎండాకాలం, వానాకాలం తేడా తెలియదు. రాత్రి తీసినప్పుడు పొడిబట్టతో తుడిచి, నూనె తడి ఆడినట్టు మాత్రమే పూయండి. ఎక్కువ పోస్తే కారి తూటా అడుగున మందును రగిలించే ప్రైమర్‌లోకి ఇంకుతుంది, అలాంటిది పేలకపోవచ్చు. నడుమున తిరిగిన తూటాలను ఏడాదికోసారి రేంజ్‌లో పేల్చేసి కొత్తవి వేసుకోండి. రివాల్వర్ బిగుసుకుపోయిందని పట్టుకొచ్చే వాటిలో ఎక్కువగా కనబడే తప్పు పేలిన తూటాల డొల్లలను బయటికి తోసే నక్షత్రం ఆకారపు ఎక్స్‌ట్రాక్టర్ కింద కాలని మందు రవ్వలు. గుండుసూది తలంత రవ్వ చాలు, సిలిండర్ మూసుకోదు, మూసుకున్నా తిరగదు. ఖాళీ డొల్లలు తోసేటప్పుడు రివాల్వర్ నోరు ఆకాశానికి ఉంచితే రవ్వలు డొల్లలతోపాటు కింద పడతాయి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో నక్షత్రం కింద పొడిగా రుద్దండి, అక్కడ నూనె వేయొద్దు.

మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి, మీ అదుపులో ఉండాలి. అంటే కనబడకుండా మోయడం ఇక్కడ చట్టం అడిగేదే. పెళ్ళిలో గాల్లోకి పేల్చడం 2019 సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడే నేరం. మెట్రోలోకి రానివ్వరు, కాబట్టి ఆ రోజు ప్రయాణం ముందే ఆలోచించుకోవాలి. ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చినప్పుడు పోలీసు స్టేషన్ నుంచి డిపాజిట్ చేయమని పిలుపు రావచ్చు. అప్పగించినప్పుడు నంబరు, తూటాల సంఖ్య రాయించి రసీదు తీసుకోండి.

ఇక్కడి తెలుగువాళ్ళకు ముఖ్యంగా తగిలే చిక్కు ఒకటి మిగిలింది. లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం కర్ణాటక అని మాత్రమే ఉంటే, బాగేపల్లి దాటి అనంతపురం వైపు వెళ్ళినా, నంగలి దాటి పలమనేరు వైపు వెళ్ళినా, అది లైసెన్సు లేని ఆయుధంతో సమానం. పండక్కి ఊరెళ్ళే హడావుడిలో నడుమున ఉన్నది మరిచిపోయామంటే కుదరదు. పొరుగు రాష్ట్రం కూడా చేర్చమని పోలీసు కమిషనర్ కార్యాలయంలో ముందే దరఖాస్తు పెట్టుకోండి. అది చేతికొచ్చేదాకా, బయల్దేరే రోజు పొద్దున ఆయుధాన్ని ఖాళీ చేసి, తూటాలు వేరే అరలో పెట్టి, ఇనప్పెట్టెకు తాళం వేసి వెళ్ళండి.