మోకాళ్ళ నొప్పులున్నోళ్ళతో ఎత్తిపోతల

మా చిన్నమ్మకు జలపాతం చూడాలని కోరిక, మెట్లంటే భయం. మల్లెలతీర్థం అందమైందే, కాదనను. కానీ శ్రీశైలం రోడ్డు వదిలి అడవిలోకి పోయాక దాదాపు 350 మెట్లు దిగాలి, చూసొచ్చాక అన్నీ ఎక్కాలి. ఆమెతో అయ్యే పని కాదు. అందుకని దసరా హడావిడి తగ్గాక నల్లగొండ నుంచి హాలియా, పెద్దవూర మీదుగా సాగర్ బాట పట్టినం.

సాగర్ నుంచి మాచర్ల రోడ్డులో 11 కిలోమీటర్లు పోతే ఎత్తిపోతల. లెక్కకు పల్నాడు జిల్లాదే అయినా మన దిక్కు వాళ్ళకు సాగర్ ట్రిప్పంటే అదీ కలిసే. డ్యామ్ మీంచి బండ్లు పోనివ్వరు, దిగువ వంతెన మీద కృష్ణ దాటాలి. బస్సులో వచ్చే తెలంగాణ ఆడవాళ్ళకు జీరో టికెట్ సాగర్ దాకానే. నది దాటితే డబ్బులు తీయాల్సిందే.

కారు పెట్టి కొంచెం నడిస్తే చాలు, వ్యూ పాయింట్ వచ్చేస్తుంది. చిన్నమ్మ చేతికర్రతోనే నింపాదిగా వచ్చింది. చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి ఎదుటి బండ మీంచి 70 అడుగుల కిందికి దూకుతాయి. వానాకాలపు ఎర్రమట్టి రంగు పోయి నీళ్ళు తెల్లగా, పాయలు పాయలుగా పడుతున్నయి. కింద మడుగు మాత్రం చిక్కటి ఆకుపచ్చ. అక్కడ మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది. బండ మీద ఒకటి ఎంతకీ కదలకుండా పడుకుంటే మా బాబు అది సిమెంటు బొమ్మేనని పందెం కాసిండు. తోక ఆడించేసరికి రెయిలింగు వదిలి నా వెనక్కి వచ్చిండు.

సాగర్ గేట్లెత్తితేనే ఎత్తిపోతల నిండుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. గేట్ల నీళ్ళు ఇటు రావు. వాగుల్లోకి వచ్చేది మాచర్ల వైపు కురిసిన వాన. అది తగ్గినప్పుడు జలపాతం ఎండిపోకుండా కుడి కాలువ నుంచి కొంత వదులుతారు. కాబట్టి ఎత్తిపోతల కోసమే అయితే గేట్లెత్తిన వారం పోకండి, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. వానలు ఆగినంక, కార్తీకంలోపు, ఆదివారం కాని రోజు చూసుకోండి.

లోపాలు లేవని కాదు. నీళ్ళ దగ్గరికి పోయే పని లేదు, స్నానం మాట అసలే లేదు. "కాళ్ళన్న తడుపుకోనియ్యకపోతే గిదేం జలపాతంరా!" అని చిన్నమ్మ అలిగింది. తుంపర కూడా వ్యూ పాయింట్ దాకా రాదు. దత్తాత్రేయ స్వామి గుడి చూసినా గంటన్నరకు మించి పట్టదు. కోతులున్నయి, చేతిలో కవరు కనిపిస్తే ఊరుకోవు.

పక్కనే ఆంధ్రా టూరిజం గదులున్నా మేము సాగర్‌లోనే దిగినం. హిల్ కాలనీలో తక్కువకు వస్తుందని తీసుకున్న ఒక ప్రైవేటు లాడ్జిలో గీజరు పని చేయలేదు. అడిగితే బకెట్ వేడినీళ్ళకు వేరే లెక్క చెప్పిండ్రు. పెద్దవాళ్ళుంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా జలాశయం వైపు బాల్కనీ ఉన్న తెలంగాణ టూరిజం హోటల్ విజయ్ విహార్‌కే నా ఓటు, కాకపోతే శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. తిండి విషయంలో హోటల్ భోజనం కంటే రోడ్డు పక్క చేపల వేపుడే బాగుంది. పెనం మీద అప్పటికే వేగి ఉన్న ముక్కలు వద్దని చెప్పి, ఎదురుగా కారం పట్టించి వేయించమనండి.

మిగిలిన పూటకు సాగర్‌లోని బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం మంచిది. 2022లో తెరిచారు, 274 ఎకరాలు. నీడ తక్కువ గనక పొద్దున్నే పోవాలి, నడవలేని వాళ్ళకు అక్కడ ఎత్తిపోతల కంటే కష్టమే. జలాశయం మధ్యలో ఉన్న నాగార్జునకొండకు పోయే లాంచీ మీద ఆశ పెట్టుకుంటే శుక్రవారం మానుకోండి, కొండ మీద మ్యూజియానికి ఆ రోజు సెలవు. మామూలు రోజుల్లో జనం సరిపడా రాకపోతే లాంచీ కదలదు. గదిలోంచి బయలుదేరే ముందే ఫోన్ చేసి కనుక్కోవడం నయం.